తలకిందుల ఏనుగు

శ్రీరాంపూర్ కాలనీలో ఎవరినైనా ఆపి లింగమూర్తి ఇల్లెక్కడని అడిగి చూడండి. "ఎవలు, రూల్సు లింగమూర్తా?" అని తిరిగి మిమ్మల్నే అడుగుతారు. అవునంటే నీళ్ల ట్యాంకు దాటించి, మూడో గల్లీలో మునగచెట్టున్న ఇల్లు చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబావి మీద ల్యాంపు రూములో పనిచేశాడాయన. బావిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ ఇంకా గోడకే వేలాడుతోందంటే మనిషి ఇంకా భూమి కిందే ఉన్నట్టు. ఒకసారి రాయమల్లు అనే కార్మికుడు షిఫ్టు దిగి, మతిమరుపుతో దీపం నడుముకే కట్టుకొని ఇంటికి పోయాడు. లింగమూర్తి సైకిలేసుకొని రెండు కిలోమీటర్లు తొక్కి, అన్నం ముందు కూర్చున్న వాడి నడుము నుంచి దీపం విప్పుకొని, బిళ్ళ చేతిలో పెట్టి వచ్చాడు. "నేను గిక్కడ కండ్ల ముంగట్నే ఉన్న గదనే" అని రాయమల్లు మొత్తుకుంటే, "నువ్వు ఉన్నవ్, కాయితం మీద లేవు" అన్నాడట. రాయమల్లు ఇప్పటికీ ఈ సంగతి చెప్పి నవ్వుతాడు.

అట్లాంటి మనిషికి చదరంగం దొరికితే ఎట్లా ఉంటుందో మీరే అనుకోండి. నాగపూర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సర్వేయరు, కాలనీ క్లబ్బులో కూర్చోబెట్టి ఆయనకు ఆట నేర్పాడు. సర్వేయరు ఏది చూపిస్తే అదే రూలనుకున్నాడు లింగమూర్తి. సర్వేయరు రెండేళ్లకు వెళ్లిపోయాడు. ఆట మాత్రం క్లబ్బులో ఉండిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం కాలనీ పిల్లలను పోగేసి లింగమూర్తే నేర్పేవాడు.

క్లబ్బులో ఉన్నది ఒక్కటే సెట్టు. తెల్లరాణి ఒకటి, నల్లరాణి ఒకటి. ఆట తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. బంటు, అంటే సిపాయి, ఒక్కో గడీ నడుచుకుంటూ అవతలి చివరి గడికి చేరితే దానికి పదవి పెరుగుతుంది. దాన్ని తీసేసి ఆ గడిలో రాణిని పెట్టుకోవచ్చు. మరి మీ రాణి ఇంకా బతికే ఉండి బోర్డు మీద తిరుగుతుంటే, రెండో రాణిని ఎక్కడినుంచి తెస్తారు? సర్వేయరు ఒక ఉపాయం చూపించాడు. చచ్చిపోయి పక్కన పడున్న ఏనుగును తీసి, తలకిందులుగా నిలబెట్టాలి. అదే రాణి. లింగమూర్తికి ఎంత నచ్చిందో ఆ ఉపాయం. క్లబ్బులో పిల్లలందరికీ అదే నేర్పాడు.

అట్లా నేర్చుకున్న వాళ్లలో సాల్మన్ కూతురు ప్రిస్కిల్లా ఒకతె. సాల్మన్ బావిలో నీళ్లు తోడే పంపు మీద పనిచేస్తాడు. లింగమూర్తికంటే ఎనిమిదేళ్లు చిన్న. అన్నా అని పిలుస్తాడు. కూతురేమో పెద్దబాపూ అంటుంది. తొమ్మిదేళ్లప్పుడు ఆదివారం గుడి ఆరాధన కాగానే, ఆ తెల్ల గౌనుతోనే క్లబ్బుకు పరుగెత్తుకొచ్చేది. పదమూడేళ్లకే లింగమూర్తిని ఓడించడం మొదలుపెట్టింది. ఓడిన ప్రతిసారీ ఆయన ఆ సంగతి కాలనీ అంతా చెప్పుకునేవాడు.

ఆ ఏడే ఆయన కరీంనగర్‌లో మూడు రోజుల ఆర్బిటర్ల క్లాసుకు వెళ్లాడు. ఆర్బిటరంటే పోటీల్లో తీర్పరి. రెండో రోజు పాఠం చెప్పేవాళ్లు ఒక ఏనుగును తలకిందులుగా బోర్డు మీద పెట్టి, ఇదేమిటని అడిగారు. లింగమూర్తి అందరికంటే ముందు చెయ్యెత్తి "రాణి" అన్నాడు. హాలంతా నవ్వింది. తలకిందులుగా పెట్టినా ఏనుగు ఏనుగేనట. నోటితో రాణి అని చెప్పినా సరే, ఎత్తు వేసి బోర్డు పక్కనున్న ఆట గడియారం నొక్కాక అది ఏనుగే. రాణి కావాలంటే గడియారం ఆపి, చెయ్యెత్తి, ఆర్బిటరును అడిగి తెప్పించుకోవాలి. ఎవరైనా ఏనుగును తలకిందులుగా పెట్టడం ఆర్బిటరు కంట పడితే, వెళ్లి దాన్ని సరిగా నిలబెట్టాలి.

బస్సులో వస్తూ వస్తూ, ఆదివారం పిల్లలకు ఈ సంగతి చెప్పేయాలనుకున్నాడు. ఆదివారం వచ్చింది. ప్రిస్కిల్లా అప్పుడే బంటును చివరికి తోలి, ఏనుగును తలకిందులుగా పెట్టి, మెచ్చుకుంటాడేమోనని ఆయన మొహంలోకి చూసింది. చుట్టూ పదిమంది పిల్లలు. మాస్టరు క్లాసుకు పోయొచ్చాడని గొప్పగా చూస్తున్నారు. ఇన్నాళ్లూ తప్పు నేర్పానని ఎట్లా చెప్పాలి? హాలంతా నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోంచి పోలేదు. "శభాష్ బిడ్డ" అన్నాడు. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాడు.

వచ్చే వారాలు పదకొండేళ్లు గడిచాయి.

పోయిన నవంబరులో సుల్తానాబాద్‌లో చుట్టుపక్కల జిల్లాల ఆడవాళ్ల సెలక్షన్ పోటీ పెట్టారు. మొదటి ఇద్దరు హైదరాబాద్‌కు, రాష్ట్రం పోటీకి. వరికోతల కాలం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. పోటీ పెట్టిన ఫంక్షన్ హాల్లో ముందురోజు జరిగిన పెండ్లి తాలూకు బంతిపూలు ఇంకా స్టేజీ కింద రాలి ఉన్నాయి. ముఖ్య ఆర్బిటరు ఓంప్రకాశ్ అని, లింగమూర్తికి ఎప్పటినుంచో తెలిసిన మనిషి. లింగమూర్తి ఆయన కింద ఆర్బిటరు.

ప్రిస్కిల్లాకిప్పుడు ఇరవై నాలుగు. బెల్లంపల్లిలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. తల్లి పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో తండ్రీ తనూ ఇద్దరే. హాల్లోకి వస్తూనే లింగమూర్తిని చూసి నవ్వింది గానీ పెద్దబాపూ అని పిలవలేదు. ఆర్బిటరుతో చుట్టరికాలు కలపకూడదని ఆయనే నేర్పాడు. "నమస్తే సార్" అంది. ఆయనకు భలే ముచ్చటేసింది.

ఆట మొదలుకాకముందు రూల్సు చదివే పని ఆయనదే. కాగితం పట్టుకొని ఖణీమని చదివాడు. ఏ పావును ముట్టుకుంటే ఆ పావే ఆడాలి. వంకరగా ఉన్నదాన్ని సర్దాలనుకుంటే, సర్దుతున్నానని ముందే చెప్పాలి. ఆడిన చేత్తోనే గడియారం నొక్కాలి. ఫోను మోగితే ఆట పోయినట్టే. రూలుకు విరుద్ధమైన ఎత్తు వేస్తే ఎదుటివాళ్లకు రెండు నిమిషాలు కలుస్తాయి, రెండోసారి వేస్తే ఓటమి. ఇట్లా ఏడు చదివాడు. ఎనిమిదోది బంటుకు పదవి పెరగడం గురించి. తలెత్తి చూస్తే రెండో వరుసలో ప్రిస్కిల్లా కూర్చొని ఉంది. కళ్లు ఆయన మీదే ఉన్నాయి. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇగ షురూ చేయుండ్రి" అన్నాడు. ఓంప్రకాశ్ మైకు వైరుతో కుస్తీ పడుతున్నాడు. చూడలేదు.

చివరి రౌండుకు వచ్చేసరికి లెక్క తేలిపోయింది. ప్రిస్కిల్లాకు ఎదురుగా కరీంనగర్ నుంచి వచ్చిన నవీన. ఒక చోటు అప్పటికే ఖాయం. రెండో మనిషిగా, ఈ ఇద్దరిలో గెలిచినవాళ్లు హైదరాబాద్‌కు.

రెండు గంటలు గడిచాయి. లింగమూర్తి చేతులు వెనక్కి కట్టుకొని బల్లల మధ్య తిరుగుతున్నాడు. ప్రిస్కిల్లా బంటు చివరి గడికి చేరడం, ఆమె చెయ్యి పక్కన పడున్న ఏనుగు మీదికి పోవడం, దాన్ని తిప్పి తలకిందులుగా నిలబెట్టి గడియారం నొక్కడం, అంతా నాలుగడుగుల దూరం నుంచి ఆయన కళ్లారా చూశాడు.

వెంటనే వెళ్లి ఆ ఏనుగును సరిగా నిలబెట్టాలి. అది ఆయన డ్యూటీ. అట్లా చేసుంటే అది రాణి కాదని ప్రిస్కిల్లాకు అప్పుడే తెలిసేది, జాగ్రత్త పడి వేరే ఎత్తు వేసుకునేది. కాళ్లు కదల్లేదు. పోతే ఏమంటుంది? అందరి ముందూ తలెత్తి "మీరే నేర్పిండ్రు గద" అంటే? ఆయన పక్కకు తిరిగాడు. మూడు బల్లల అవతల ఎవరో ఆట ముగించి కాగితం మీద సంతకం కోసం చూస్తుంటే, అక్కడికి పోయి నిలబడ్డాడు. ఆ కాగితం మీది ఎత్తులన్నీ మొదటినుంచి చివరిదాకా చదివాడు. అంత శ్రద్ధగా ఏ కాగితమూ ఎప్పుడూ చదవలేదు.

ఈ లోపల నవీన తన రాణిని తెచ్చి, తర్వాతి ఎత్తులో రాజును కట్టేసేలా పెట్టుకుంది. ప్రిస్కిల్లా దానికి కంగారుపడలేదు. తలకిందుల ఏనుగును ఏటవాలుగా, రాణిలాగ, బోర్డు దాటించి తెచ్చి నవీన రాజు ముందు నిలబెట్టింది. గడియారం నొక్కి, గెలిచాననుకొని చెయ్యి చాపింది.

నవీన ఆ చెయ్యి అందుకోలేదు. గడియారం ఆపి చెయ్యెత్తింది. "సార్, ఏనుగు ఏటవాలుగ ఎట్ల పోతది?"

లింగమూర్తి రావాల్సి వచ్చింది. వచ్చాడు. తీర్పు చెప్పాడు. అది ఏనుగే. వేసిన ఎత్తు చెల్లదు. నవీనకు రెండు నిమిషాలు ఎక్కువ. పైగా ప్రిస్కిల్లా ఆ పావును ముట్టుకుంది కాబట్టి, ఇప్పుడు దాన్నే ఏనుగు నడకలో, అంటే నిలువుగానో అడ్డంగానో, జరపాలి. వేరేది ముట్టుకునే వీల్లేదు. ఒక్క మాట తడబడలేదు. చేత్తో ఏనుగును పాత గడిలో, ఈసారి తల పైకి పెట్టాడు.

ప్రిస్కిల్లా ఆయన మొహంలోకి చూసింది. "సరే సార్" అంది. ఏనుగును ఎటు జరిపినా నవీన రాణిని ఆపలేదు. ఏదో ఒక గడికి జరిపింది. తర్వాతి ఎత్తుకు ఆట అయిపోయింది.

సాయంత్రం బహుమతులిచ్చేటప్పుడు ఓంప్రకాశ్ మైకు పట్టుకున్నాడు. "సొంత కాలనీ పిల్లని గూడ సూడలే, రూలంటే రూలే అన్నడు మా లింగమూర్తన్న" అని శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. ప్రిస్కిల్లా కూడా కొట్టింది. అదొక్కటే ఆయన మర్చిపోలేకపోయాడు.

ఆ శాలువాను విప్పలేదు. కవరుతో సహా అలమారలో పడేశాడు. భార్య సత్తమ్మ రెండుసార్లు అడిగింది. "మా చెల్లె కొడుకు పెండ్లికి పెడ్త, ఇయ్యరాదయ్యా."

"అది పెట్టే శాలువా కాదు."

"మరి కప్పుకునేదా? నువ్వు కప్పుకుంటలేవు గద. బువ్వ ముంగట పెట్టుకొని గోడ దిక్కు చూస్తున్నవ్. ఏమైందో చెప్పు, లేకుంటే తిను. రెండు చెయ్యకుంట నన్ను పరేషాన్ చెయ్యకు."

ఆయన చెప్పలేదు. తినలేదు. మూడు వారాలు గడిచాయి. మూడు ఆదివారాలూ మోకాళ్ల నొప్పులని క్లబ్బుకు పోలేదు.

నాలుగో వారం సత్తమ్మే ఒక కబురు మోసుకొచ్చింది. కూరగాయల సంచీ కింద పెట్టి, చెమట తుడుచుకుంటూ అంది. "సాల్మన్‌తోని బిడ్డ మాట్లాడ్తలేదంట ఎర్కేనా? సుల్తానాబాద్‌కెల్లి వచ్చినప్పటి సంది. తండ్రే తప్పు నేర్పిండని. ఇంట్ల ఉన్నదే ఇద్దరు. అయ్యో, గట్లుంటే ఎట్ల?"

లింగమూర్తి చేతిలో గ్లాసు కిందపెట్టాడు. "తండ్రి నేర్పిండా?"

"గట్లనే అన్నడంట సాల్మన్. నేనే నేర్పిన్నని ఒప్పుకున్నడంట."

చొక్కా కూడా మార్చుకోకుండా బయల్దేరాడాయన. సాల్మన్ షిఫ్టు దిగి ఎప్పుడూ బస్టాపు పక్కనున్న హోటల్లో టీ తాగుతాడు. అక్కడే దొరికాడు.

"ఏందే సాల్మన్, బిడ్డ మాట్లాడ్తలేదంట నీతోని?"

"మాట్లాడ్తదే. గిన్నె మీద గిన్నె కొట్టి మాట్లాడ్తది." సాల్మన్ నవ్వాడు గానీ ఆ నవ్వులో పస లేదు. "టీ కావాలె బిడ్డ అంటే గ్లాసు తెచ్చి టక్కున పెట్టి పోతది. ఆ టక్కు ఉన్నది చూసినవా, దాంట్ల పది మాటలుంటయ్. కూసో అన్న. ఓ చాయ్ చెప్త."

"నువ్వు నేర్పుడేందే? నీకు గూడ నేనే నేర్పిన గద ఏనుగును బోర్లేసుడు."

"నాకెర్క లేదా."

"మరి నేనే నేర్పిన్నని ఎందుకన్నవ్?"

సాల్మన్ సాసరులో టీ పోసుకొని ఊదుకున్నాడు. "వచ్చిన్నాడే అడిగింది. బాపు, మన ఇంట్ల ఆడేటప్పుడు గిట్లనే పెడ్తుంటిమి, నువ్వే నేర్పినవ్ గద అన్నది. క్లబ్బుల మొదలు నేర్పింది నువ్వని దానికి యాదికి లేదు, చిన్నపోరి అప్పుడు. నేను ఔ బిడ్డ అన్న. ఏమంటనే మరి. నా మీద కోపమొస్తే నాలుగొద్దులకు పోతది, తండ్రిని గద. నీ మీద కోపమొస్తే ఇగ బోర్డు ముట్టది. బైబిలు తర్వాత దానికి నీ మాటే."

"ముట్టుకుంటుందా ఇప్పుడు?"

"లే. మంచం కిందికి తోసింది. అయినా వస్తదిలే. నువ్వు ఫికర్ చెయ్యకు. నీకు మంచిపేరున్నది. ఉండనియ్."

లింగమూర్తి టీ తాగలేదు. ఈ మనిషి లింగమూర్తి బిళ్ళను తన మేకుకు తగిలించుకొని ఆ తప్పు మీదేసుకున్నాడు, మూడు వారాల నుంచి చీకట్లో కూర్చున్నాడు. లింగమూర్తి మాత్రం పైన ఎండలో శాలువాతో ఉన్నాడు. ల్యాంపు రూములో ఇట్లాంటిది ఎవరైనా చేస్తే ఆయన ఊరుకునేవాడా? చార్జిషీటు ఇప్పించేవాడు.

"ఆదివారం మీ ఇంటికొస్త" అన్నాడు.

"వద్దన్న."

"వస్త."

ఆదివారం పన్నెండున్నరకు వెళ్లాడు. వాళ్లు అప్పుడే గుడి నుంచి వచ్చినట్టున్నారు. సాల్మన్ ఇంకా ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు, తలుపు దగ్గర స్టూలు మీద. ప్రిస్కిల్లా లోపల చాప మీద కూర్చొని కందికాయ ఒలుస్తోంది. తండ్రి వైపు వీపు పెట్టి కూర్చుంది. గింజలు స్టీలు గిన్నెలో టప టప పడుతున్నాయి.

"రాండ్రి పెద్దబాపు. మోకాళ్లు తక్కువైనయా?"

మోకాళ్ల అబద్ధం ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. ఆయన కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "బిడ్డ, నీకు ఏనుగును బోర్లేసుడు నేర్పింది మీ బాపు కాదు. నేను. క్లబ్బుల. నీకు తొమ్మిదేండ్లు. మీ బాపుకు గూడ నేనే నేర్పిన."

గింజల చప్పుడు ఆగింది. ప్రిస్కిల్లా తండ్రి వైపు తిరిగి చూసింది. సాల్మన్ చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"మరి నువ్వే అన్నవ్ గద బాపు?"

మూడు వారాల తర్వాత ఆ ఇంట్లో తండ్రితో కూతురన్న మొదటి మాట అది. సాల్మన్ అప్పుడే తలెత్తాడు. "ఎవలు నేర్పితే ఏంది బిడ్డ. ఇంట్లనైతే నేనే ఆడిన గద."

ప్రిస్కిల్లా చేతిలోని కందికాయ గిన్నెలో పడేసింది. తర్వాత లింగమూర్తి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పోనీ తీయుండ్రి పెద్దబాపు. మీకు ఎర్కలేక నేర్పిండ్రు. అప్పుడు రూల్సు పుస్తకాలు ఏడున్నయ్ మనకు."

ఇక్కడితో ఆగిపోవచ్చు. తండ్రీ కూతుళ్లు కలిశారు. ఆయన్ని క్షమించేశారు కూడా. కూర్చొని చాయ్ తాగి ఇంటికి పోయి, శాలువా సత్తమ్మ చేతికిచ్చేయొచ్చు. ఆయన నోరు సగం తెరిచి అట్లాగే ఉండిపోయాడు. ఆ తెరిచిన నోరు ప్రిస్కిల్లా చూసింది.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఉన్నది."

స్టూలు మీద సాల్మన్ కదిలాడు. "అన్న, చాలు తియ్."

"చాలదే." ఆయన చొక్కా జేబులోంచి మడతపడ్డ కాగితం తీశాడు. సుల్తానాబాద్‌లో చదివిన కాగితమే. "నాకు ఎర్కలేక నీకు నేర్పింది నాలుగేండ్లే బిడ్డ. తర్వాత కరీంనగర్ క్లాసుల ఎర్కైంది. ఎర్కైన వారమే నువ్వు నా ముంగట ఏనుగును బోర్లేసినవ్. నేను శభాష్ అన్న. తప్పు నేర్పిన్నని చెప్పాలంటే సిగ్గైంది. పదకొండేండ్లు సిగ్గైంది. ఇగో, గీ కాయితం మీద ఎనిమిది రూల్సున్నయ్. మొన్న ఏడే చదివిన. నువ్వు ఎదురుంగ కూసున్నవని ఎనిమిదోది మడిచిన."

ఆమె లేచి కాగితం తీసుకుంది. ఎనిమిదోది చదివింది. పెదాలు కదిలాయి. "ఆర్బిటరు చూస్తే ఏనుగును సరిగా నిలబెట్టవలెను" అని పైకే చదివింది. తలెత్తింది. "మీరు చూడలేగద?"

లింగమూర్తి ఆమె చేతిలోని కాగితం వైపు చూశాడు.

"చూసిన."

సాల్మన్ కూడా ఆ మాట ఊహించలేదు. స్టూలు మీది నుంచి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నాలుగడుగుల దూరంలున్న" అన్నాడు లింగమూర్తి. "వస్తే నువ్వు అందర్ల నా పేరు తీస్తవని, మూడు బల్లలవతలికి పోయిన."

"నేనెందుకు తీస్త సార్ మీ పేరు?"

సార్ అంది. పెద్దబాపూ అనలేదు. లింగమూర్తికి ఆ ఒక్క మాట శాలువాకంటే బరువుగా తగిలింది. తీర్పు చెప్పినప్పుడు "సరే సార్" అని ఏనుగును జరుపుకున్న పిల్ల. పేరు తీసే పిల్ల కాదని తనకు మాత్రం తెలియదా? తెలిసే భయపడ్డాడు.

"ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పిన పొద్దున" అన్నాడు. "ఆట అయిపోయింది, కాయితాల మీద సంతకాలైనయ్, ఇగ మారదన్నడు. శాలువా వాపస్ పంపుతున్న. ఇగ ఆర్బిటర్ పని చెయ్య. నాకింకేం చెయ్యొస్తదో నాకెర్క లేదు బిడ్డ."

"క్లబ్బుల చెప్పిండ్రా?"

"లే."

"గిప్పుడు గూడ గక్కడ ఏనుగునే బోర్లేస్తుండ్రు. రాయమల్లు తాత మొన్నగూడ పెట్టిండంట."

"ఇయ్యాల చెప్త. మూడు గంటలకు."

"అందరి ముంగట?"

"అందరి ముంగట."

ప్రిస్కిల్లా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆయన జేబులోకి కాకుండా తన దగ్గరే ఉంచుకుంది. మంచం కిందికి వంగింది. కాసేపు గరగరమని ఏదో లాగిన చప్పుడు. చదరంగం పెట్టె బయటికొచ్చింది. మీద దుమ్ము. చున్నీ కొసతో తుడిచింది. కందికాయ గిన్నె పక్కకు జరిపి చాప మీద బోర్డు పరిచింది.

"బాపు, ఇటు రా. నువ్వు గూడ చూడు. మనిద్దరం ఈయన దగ్గర్నే నేర్చుకున్నం. ఇంకేమేం తప్పులు నేర్పిండో ఎవలకెర్క." లింగమూర్తి వైపు చూడకుండానే అంది. "కూసోండ్రి సార్. మొదటికెల్లి ఆడుండ్రి. ఒక్కొక్క ఎత్తు ఈ కాయితం తోని చూస్త."

ఆయన కూర్చున్నాడు. మోకాళ్లు నిజంగానే నొప్పెట్టాయి. తెల్లపావులు ఆయనవి. బంటు జరిపాడు, గుర్రం తీశాడు, ఒంటె తీశాడు. ప్రతి ఎత్తుకూ ఆమె కళ్లు బోర్డు మీద కాదు, ఆయన చేతుల మీదున్నాయి. సాల్మన్ గిన్నె ఒళ్లో పెట్టుకొని కందికాయ ఒలుస్తూ చూస్తున్నాడు.

ఎనిమిదో ఎత్తుకు లింగమూర్తి రాజును కోటలో దాచుకోవాలనుకున్నాడు. రాజును రెండు గడులు పక్కకు, ఏనుగును రాజు దాటించి ఇవతలికి. నలభై ఏళ్లుగా వేస్తున్న ఎత్తే. కుడి చెయ్యి చాపి ఏనుగును పట్టుకున్నాడు.

"ఆగుండ్రి" అంది ప్రిస్కిల్లా.

ఆయన చెయ్యి ఏనుగు మీదే ఉండిపోయింది. అప్పుడు తెలిసింది. ముందు రాజును ముట్టుకోవాలి. ఏనుగును ముందు ముట్టుకుంటే కోట లేదు, ఏనుగునే జరపాలి. క్లాసులో ఇదీ చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. చేతికి మాత్రం ఆ సర్వేయరు నేర్పిందే గుర్తుంది. మరి క్లబ్బులో పిల్లల చేతులకు?

"ఇది గూడ గట్లనే నేర్పిండ్రు మాకు" అంది ప్రిస్కిల్లా.

"గట్లనే నేర్పిన."

"ముట్టుకున్నరు గద."

"ముట్టుకున్న."

"మరి?"

సాల్మన్ గింజలు ఒలవడం ఆపి, "ఇంట్ల ఆటే గద బిడ్డ, పోనియ్" అన్నాడు.

"ఇంట్ల ఆటనే మనకు అలవాటైంది బాపు." ఆమె తండ్రి వైపు చూసి ఆ మాట మెత్తగానే అంది. తర్వాత లింగమూర్తి వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు, జాలీ లేదు. ఎదురు మనిషి ఎత్తు కోసం ఎదురుచూస్తున్న ఆటగత్తె మొహం. "జరపుండ్రి పెద్దబాపు."

రాజు నడి బోర్డులో ఏ అండా లేకుండా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఏనుగు కదిలితే ఈ పక్క ఇక కోట ఉండదు. లింగమూర్తికి అది తెలుసు. ఏనుగును ఒక్క గడి పక్కకు జరిపి చెయ్యి తీశాడు.